రేడియేటర్లో రోజ్ మిల్క్

టెక్సస్‌లో పికప్ ట్రక్కు కొనడం పుణ్యకార్యం. కాకపోతే పుణ్యం కొన్నవాడిది, వాడకం ఊరందరిదీ. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లలో ఎవరు సోఫా మార్చినా, ఎవరింట్లో వినాయకుడు వెలిసినా ఫోను నాకే. బండి సెకండ్ హ్యాండ్. అమ్మినాయన "అన్నీ హైవే మైళ్లే" అని మరీ మరీ చెప్పాడు. బండ్లమ్మేవాళ్లెవరూ సందుల్లో తిరిగినట్టు నేనింతవరకూ వినలేదు.

జూలైలో జబ్బు బయటపడింది. బయట నూరు డిగ్రీల ఫారన్‌హీట్ ఎండ. రెండో గేరు నుంచి మూడోదానికి మారేచోట ఇంజిన్ గావుకేక పెడుతుంది, బండి మాత్రం అత్తారింట్లో కొత్తల్లుడిలా కదలదు. మరోపక్క టెంపరేచర్ ముల్లు పైపైకి పోతోంది.

శనివారం పార్టీలో పంచాయితీ పెట్టాను. వచ్చినవాళ్లంతా సాఫ్ట్‌వేరే. బిర్యానీ అయ్యేలోపు ఒక జబ్బుని ఇంజిన్ టీముకీ, ఇంకోదాన్ని గేరు టీముకీ అప్పగించేశారు. ఆ పైన ఆఫీసులో జరిగేదే జరిగింది: ఇది మాది కాదంటే మాది కాదని ఇద్దరూ చేతులు దులుపుకున్నారు. స్కానర్ తగిలిస్తే అదీ వాళ్ల పక్షమే. పి0217 అంటే ఇంజిన్ వేడెక్కింది, పి0218 అంటే గేరు ఆయిల్ వేడెక్కింది, పి0730 అంటే గేరు లెక్క తప్పింది. ముల్లు చూపిస్తున్నదే అంకెల్లో చెప్పడానికి దానికి డబ్బులు.

ఒక షెడ్డువాడు థర్మోస్టాట్ మార్చాడు. ముల్లు ఖాతరు చెయ్యలేదు. ఇంకొకాయన గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నాడు. ఆయన చెప్పిన ధరకి ఇలాంటి బండి ఇంకోటి వస్తుంది, గేర్‌బాక్స్‌తో సహా.

ఆ రోజుల్లోనే మా మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చారు. ఆయన జీవితమంతా ట్రాక్టర్లతోనే గడిచింది. బండెక్కి కాళ్ల దగ్గర వెతికారు.

"క్లచ్ పెడలేది అల్లుడుగారూ?"

"ఇది ఆటోమేటిక్ మామయ్యగారూ, పెడల్ ఉండదు."

"పెడల్ లేకపోతే పోనీండి. లోపల ప్లేట్లు లేకుండా గేర్లెలా పడతాయి?"

నిజమే. ఆటోమేటిక్‌లో క్లచ్ ప్లేట్లు ఒక సెట్టు కాదు, చాలా సెట్లు ఎర్రటి ఆయిల్లో మునిగి ఉంటాయి. ఆ ఆయిల్ ఒత్తిడే వాటిని అదిమి పడుతుంది. ఆయిల్ చెడితే ప్లేట్లు జారతాయి.

మర్నాడు పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు, ఆయన రేడియేటర్ మూత తీసి నన్ను పిలిచారు. లోపల పచ్చరంగు కూలెంట్ ఉండాల్సిన చోట చిక్కటి రోజ్ మిల్క్.

గుట్టంతా అక్కడే ఉంది. చాలా ఆటోమేటిక్ బళ్లలో గేరు ఆయిల్‌ని చల్లబరిచే చిన్న గొట్టం రేడియేటర్ పక్క ట్యాంకులోనే ఉంటుంది. కూలెంటుకీ ఆయిలుకీ మధ్య పల్చటి లోహపు గోడ. దానికి చిల్లి పడితే ఆయిల్ ఇటొస్తుంది, కూలెంట్ అటెళుతుంది. ఇటొచ్చిన ఆయిల్ జిడ్డుగా పేరుకుని ఇంజిన్‌ని చల్లబడనివ్వదు. అటెళ్లిన నీరు ప్లేట్ల మీది పూతని నాన్చి, అంటించిన జిగురుని ఊడదీస్తుంది. ఒకటే చిల్లి, రెండు జబ్బులు. పాత రేడియేటర్ ఉంచి గేర్‌బాక్స్ మాత్రమే మార్చి ఉంటే కొత్తదానికీ అదే గతి పట్టేది. ఆ రెండో షెడ్డువాడికి ఈ మూత తీసి చూడాలని తోచనే లేదు.

రేడియేటర్ మార్పించి, గేర్‌బాక్స్ విప్పించి ప్లేట్లు వేయించాను. బిల్లు ఎంతయిందో మా ఆవిడకి చెప్పలేదు, మీకూ చెప్పను.

పాత పికప్ కొనేవాళ్లు బేరానికి ముందే రేడియేటర్ మూత తీసి చూడండి. గేరు ఆయిల్ పుల్ల ఉంటే దాన్నీ లాగి చూడండి. ఎరుపైతే బేరమాడండి, గోధుమరంగులో మాడు వాసనొస్తే సగానికి అడగండి, గులాబీ అయితే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ మూత ముట్టుకోకండి. లోపల కూలెంట్ ఒత్తిడి మీద ఉంటుంది, మొహం మీదికే తన్నుకొస్తుంది.