చల్లదనం మాది, సెగ మీది

మే నెల మధ్యాహ్నం మూడింటికి రాయదుర్గంలో మెట్రో దిగి తలెత్తి చూడండి, హైదరాబాదు తెలివి తెలుస్తుంది. చలిదేశాలవాళ్ళు దొరికే కాస్త ఎండనీ ఇంట్లోకి రప్పించుకోడానికి గోడల నిండా అద్దాలు బిగించుకున్నారు. మనకు ఎండ కొరవ గనక మనమూ బిగించుకున్నాం. సజ్జాలంటే నామోషీ. వసారా అంటే దండగ చదరపు అడుగులు. ఆకాశమంత గాజుపెట్టె కట్టి, సూర్యుణ్ణి సాదరంగా లోపలికి పిలిచి, వచ్చినవాణ్ణి బయటికి గెంటడానికి టన్నులకొద్దీ ఏసీలు పెట్టాం. దీన్నే విశ్వనగరం అంటారు.

ఆ గెంటడంలో ఒక లెక్కుంది. మంచి ఏసీ ఒక యూనిట్ కరెంటు తిని గదిలోంచి సుమారు మూడు యూనిట్ల వేడిని లాగుతుంది. వీధిలోకి మాత్రం నాలుగు వదులుతుంది, తిన్న కరెంటు కూడా చివరికి వేడే కదా! అసలుకు వడ్డీ కలిపి మరీ తీర్చే నిజాయితీ. కాకపోతే తీసుకున్నది లోపలివాడు, కట్టేది బయటివాడు. ఇస్త్రీ బండి ముందు నిలబడ్డాయన, పార్సిలు పట్టుకుని గేటు దగ్గర ఓటీపీ కోసం ఎదురుచూసే కుర్రాడు, ఆ గేటు తీసే వాచ్‌మన్. వీళ్ళ తర్వాత ఎదురింటాయన. ఆయన గోడకు ఆ సెగ తగిలి, ఆయనా వాయిదాల మీద ఏసీ కొంటాడు. అది ఇంకో ఇంటివైపు తిరిగి ఉంటుంది.

2024 మేలో గ్రేటర్ హైదరాబాదు కరెంటు డిమాండు 4,300 మెగావాట్లు దాటింది. అదే ఏడు జూన్ 19న ఢిల్లీ 8,656కి చేరింది. మే 30న దేశం మొత్తం 250 గిగావాట్లు లాగింది. అన్నిటికీ ‘సరికొత్త రికార్డు’ అనే శీర్షికే. రికార్డన్నారు గనక సంతోషించాల్సిందే, అడ్డు చెబితే అభివృద్ధి నిరోధకులమవుతాం.

ఈ రికార్డుల్ని మోసేది వీధి చివర గద్దె మీద కూచున్న ట్రాన్స్‌ఫార్మర్. పగలు ఎంత కాగినా రాత్రి చల్లారతానన్న నమ్మకంతో బతికే ప్రాణి అది. ఇప్పుడు రాత్రులు చల్లబడడం మానేశాయి. పైగా పదకొండింటికి పడగ్గది ఏసీలన్నీ ఒక్కసారి మొదలవుతాయి. లోపలి చుట్టలు ఉండాల్సిన వేడికి మించి మరో ఆరేడు డిగ్రీలు ఎక్కితే ఇన్సులేషన్ ఆయుష్షు సగానికి పడిపోతుందని ఇంజినీర్లు ఎప్పుడో లెక్క కట్టారు. ఉత్తరాది ఊళ్ళల్లో ట్రాన్స్‌ఫార్మర్ల ముందు ఎయిర్ కూలర్లు పెడుతున్నారు. నవ్వకండి. ఆ కూలర్‌కు కరెంటు ఎక్కణ్ణించి వస్తుందనీ అడక్కండి. సౌర పలకలున్నాయిగా అంటారు కొందరు. ఉన్నాయి. వేడి మరీ ముదిరితే వాటి దిగుబడీ తగ్గుతుంది, పడగ్గదుల వేళకు ఎలాగూ నిద్రపోతాయి.

కాబట్టి రాత్రిపూట దిక్కు బొగ్గే. దేశపు కరెంటులో సుమారు నాలుగింట మూడొంతులు దానిదే. మనవైపు ఆ పుణ్యం రామగుండానికి దక్కింది. అసలే మండే ఊరు. కాల్చిన బొగ్గు వేడిలో మూడో వంతో, కాస్త పైనో కరెంటవుతుంది. మిగిలింది పొగగొట్టాల్లోంచీ కూలింగ్ టవర్లలోంచీ అక్కడే పోతుంది. చల్లార్చే నీళ్ళే వెచ్చగా ఉంటే ఆ మూడో వంతూ ఇంకాస్త తరుగుతుంది, అంటే అదే కరెంటుకి ఇంకాస్త బొగ్గు. హైటెక్ సిటీలో ఒకడు 18 డిగ్రీలు పెట్టుకుని రగ్గు కప్పుకోవాలంటే రామగుండంలో ఒకడికి చొక్కా తడవాలి. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న ప్రతి ఏసీ 24 దగ్గరే మొదలవ్వాలని కేంద్రం రూలు పెట్టింది. రిమోట్ మాత్రం మన చేతిలోనే ఉంచింది. ప్రజాస్వామ్యం కదా!

ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదంటే కళ్ళుపోతాయి. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 2028కల్లా హైదరాబాదులో 200 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబడాలట. డాబా మీద తెల్లసున్నం కొట్టినా ఇల్లు చల్లబడుతుంది, నిజమే. ఆ చవకదనమే దాని కొంప ముంచింది. సున్నం డబ్బాకు శంకుస్థాపన చెయ్యలేం, రిబ్బను కట్టలేం. అద్దాల టవరుకైతే రెండూ కుదురుతాయి.

ఇక ఫీడరు ట్రిప్పయిన రాత్రి చూడాలి సమానత్వం. ‘నూరు శాతం పవర్ బ్యాకప్’ అని బ్రోషర్లో అచ్చేసిన గేటెడ్ కమ్యూనిటీలో డీజిల్ జనరేటరు అందుకుంటుంది. లిఫ్టు ఆగదు, చేపల తొట్టిలో బుడగ ఆగదు. ప్రహరీ అవతల బస్తీలో రేకుల కింద విసనకర్రలు లేస్తాయి. జనరేటరు పొగ అటే పోతుంది, ప్రహరీ దానికి అడ్డం కాదు.

మర్నాడు బస్తీవాళ్ళు కరెంటాఫీసుకెళ్ళి నిలదీస్తారు. అక్కడ మంచివాళ్ళే ఉంటారు. “లోడ్ పెరిగిందమ్మా, ఇంకా పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ శాంక్షనైంది, వారంలో పెట్టేస్తాం” అంటారు. అన్నట్టే గద్దెకు చోటు చూడడానికి మనుషులొస్తారు. చోటు దొరుకుతుంది. అక్కడున్న వేపచెట్టు ఒక్కటే కొట్టెయ్యాలి.