నా మెట్ల మీద నారికురుపు

గోరంట్ల నుంచి చిత్రావతి వైపు పోయే దోవలో, చింతచెట్ల కింద, నల్లరాతి మెట్లతో ఉన్న దిగుడుబావిని నేను. గోరంట్లలోని మాధవరాయస్వామి గుడికున్న పేరు నాకు లేదు. విజయనగర కాలం నాటి ఆ శిల్పాలు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. నా దగ్గరికి వచ్చింది దప్పికైనవాళ్లే.

ఈ జిల్లాలో ఏడాదంతా కలిపినా వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. శివరాత్రి దాటితే నీళ్లు కిందికి, ఇంకా కిందికి జారిపోయేవి. ఆడవాళ్లు చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, మోకాళ్ల లోతుకు దిగి, కడవ ముంచుకుని పోయేవాళ్లు. చేదబావిలోకి తాడు దిగుతుంది. నాలోకి మనిషే దిగాలి. నా కథంతా ఈ ఒక్క తేడాలోనే ఉంది.

ఎండాకాలంలో ఒకామె వచ్చేది. పేరెందుకులే. కుడికాలి మడమ పైన పుండు. అందులోంచి తెల్లటి దారం లాంటిది బయటికొస్తే, దాన్ని చీపురుపుల్లకు చుట్టి గుడ్డతో కట్టుకునేది. రోజుకు కొంచెం మాత్రమే లాగాలి. గట్టిగా లాగితే లోపల తెగుతుంది. తెగితే కాలు వాచి, చీము పట్టి, మనిషి మంచానికి అతుక్కుపోతుంది. నిప్పు పెట్టినట్టు మంట. ఆ మంట ఓర్చుకోలేక ఆమె కడవ పక్కన పెట్టి, కాలు నా నీళ్లలో ఉంచి, కళ్లు మూసుకుని కూర్చునేది. ఆ చల్లదనానికి ఆమె మొహంలో వచ్చే నెమ్మది నేను చూశాను. అదే సమయంలో పుండు నోట్లోంచి పలచటి పాల లాంటిది నీళ్లలో కలవడమూ చూశాను. అది చీము కాదు, పురుగు పిల్లలు. లక్షల్లో.

దాన్నే నారికురుపు అన్నారు. డాక్టర్లు గినియా వర్మ్ అంటారు. పూర్వజన్మ పాపమన్నారు కొందరు, వేడి చేసిందన్నారు ఇంకొందరు. ఆకుపసర్లు కట్టారు, మంత్రాలు వేయించారు. అసలు సంగతి 1870లోనే ఫెద్చెంకో అనే రష్యా శాస్త్రవేత్త తుర్కిస్తాన్‌లో పసిగట్టాడు. నీళ్లలో పడిన ఆ పిల్లలను సైక్లాప్స్ అనే నీటిపురుగు మింగుతుంది. దాని కడుపులో రెండు వారాలకు అవి ముదురుతాయి. ఆ నీళ్లు తాగినవాళ్ల పేగుల్లోంచి ఒంట్లోకి చేరి, మగపురుగు చచ్చిపోయి, ఆడపురుగు దాదాపు మీటరు పొడుగు పెరుగుతుంది. ఏడాది దాకా చిన్న నొప్పి కూడా తెలియదు. ఆ తర్వాత, ఎక్కువగా కాలి మీదే, బొబ్బ లేచి పగులుతుంది. ఏడాది కిందట తాగిన నీళ్లను ఎవరు గుర్తు పెట్టుకుంటారప్పా? అందుకే అంతకాలం నా మీద ఎవరికీ అనుమానం రాలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. నా మెట్లు అందరూ దిగలేదు, దిగనివ్వలేదు. కొన్ని కులాలవాళ్లు పైన కాచుకుని నిలబడితే, కిందినుంచి మోసుకొచ్చినవాళ్లు దయ తలిస్తే వాళ్ల కడవల్లో పోసేవాళ్లు. పురుగు మాత్రం కులం అడగలేదు. పైన నిలబడి పోయించుకున్నవాళ్లకూ నారి లేచింది. నీళ్లలో కాలు పెట్టే హక్కు లేనివాళ్లు కూడా కాలు పట్టుకుని ఏడ్చారు.

పైగా ఇది లేచేది సరిగ్గా ఎండాకాలంలో, నీళ్లు అడుగంటి అందరూ ఒకే మడుగు మీద పడినప్పుడు. తొలకరికి చెనిక్కాయ విత్తాల్సిన మనిషి మంచంలో ఉంటే ఆ ఇంటికి ఆ ఏడు పంటే లేదు. ఒకసారి వస్తే మళ్లీ రాదన్న భరోసా కూడా లేదు, ఏటేటా రావచ్చు. మందు లేదు, టీకా లేదు. ఈనాటికీ లేవు.

మాకు ఆనుకునే ఉన్న చిత్రదుర్గం జిల్లాలో 1930లలో వి.ఎన్. మూర్తి అనే ఆయన, ఈ నీటిపురుగులను తినే చేపలను బావుల్లో వదిలి చూశారు. తెలివైన ఆలోచన. కానీ ఎండాకాలంలో నాలాంటి బావిలో చేప బతకాలన్నా నీళ్లుండొద్దూ!

దేశమంతటా ఈ జబ్బు పని పట్టింది 1983-84లో. అప్పటికి ఏడు రాష్ట్రాల్లో, ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి, 12 వేలకు పైగా ఊళ్లలో దాదాపు 40 వేల మందికి ఈ జబ్బుంది. మా దగ్గరికి ఆరోగ్య కార్యకర్తలొచ్చారు. అందులో ఒకాయన గాజుగ్లాసులో నా నీళ్లు ముంచి, ఎండకెత్తి పట్టి, చుట్టూ చేరినవాళ్లకు చూపించాడు. సూదిమొన అంత తెల్లటి చుక్కలు, ఎగిరెగిరి పడుతున్నాయి. "ఇవేనమ్మా మీరు తాగేది" అన్నాడు. ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇన్నేండ్లూ ఇవే తాగితిమా నాయనా!" అంది. ఎన్ని ఉపన్యాసాలిచ్చినా రాని మార్పు ఆ ఒక్క గ్లాసుతో వచ్చిందని నా నమ్మకం.

తర్వాత చేసిందంతా చిన్న పనులే. నీళ్లను మడత పెట్టిన గుడ్డలో వడకట్టి తాగమన్నారు. సైక్లాప్స్ గుడ్డ దాటదు, అంతే. టెమిఫాస్ అనే మందు కొలత ప్రకారం నా నీళ్లలో కలిపారు. పుండున్న మనిషిని వెతికి, కట్టు కట్టి, నీళ్లలో దిగొద్దని చెప్పారు. కుర్రాడెవడైనా ఈతకని దూకబోతే, "ఒరే, దిగాకురా!" అని పైనుంచి పదిమంది అరిచేవాళ్లు. చివరికి నా మెట్లకు అడ్డంగా గోడ కట్టి, పైన గిలక బిగించి, నన్ను చేదబావిని చేశారు. ఊళ్లో చేతిపంపులు పడ్డాయి. మెట్ల మీది అందం పోయిందని బాధపడినవాళ్లూ ఉన్నారు. నేను పడలేదు. కాలు తడవకుండా నీళ్లు దొరకడం కంటే బావికి పెద్ద అందమేముంది?

1996 జులైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో దేశంలో ఆఖరి కేసు కనబడింది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని ఈ జబ్బు లేని దేశంగా ప్రకటించింది. మశూచి తర్వాత ఇక్కడ మొదట పూర్తిగా పోయిన జబ్బు ఇదే. ప్రపంచం మొత్తం మీద 1986లో దాదాపు 35 లక్షల మందికి వచ్చింది, ఇటీవల ఏటా ఇరవై మందికి లోపే.

ఇప్పుడు నాలో నీళ్లు లేవు. బోర్లు పాతాళానికి పోయాక నా ఊట ఎండింది. కొళాయి రోజూ రాదు కాబట్టి, వచ్చిన రోజే జనం డ్రమ్ములు, సిమెంటు తొట్లు నింపుకుంటారు. ఒకప్పుడు ఊరి నీళ్లన్నీ నా దగ్గరుండేవి, ఇప్పుడు ఇంటింటికీ ఒక చిన్న బావి. అందులో పెరిగేది నారిపురుగు కాదు, డెంగీ దోమ. పగటిపూట కుట్టే దోమ ఇది. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన, డ్రమ్ము గోడకు అంటించి పెడుతుంది. నీళ్లు పారబోసినా గోడకున్న గుడ్లు నెలల తరబడి ఎండలో బతికి, మళ్లీ తడి తగలగానే పిల్లలవుతాయి. పిల్ల దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ఇది తెలియక, పైపైన నీళ్లు మార్చి "మా తొట్టి శుభ్రమే" అనుకునేవాళ్లను చూస్తే నాకు ఆ పాత రోజులే గుర్తొస్తాయి. జ్వరం వచ్చాక దుకాణంలో నొప్పిబిళ్లలు కొనుక్కుని మింగడం మరీ ప్రమాదం. డెంగీలో ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ లాంటివి రక్తస్రావం తెచ్చిపెట్టగలవు. పారాసిటమాల్‌తో సరిపెట్టుకుని, రక్తపరీక్షకు ఆస్పత్రికి పోవాలి.

శుక్రవారం డ్రై డే అని ప్రభుత్వం చెబుతూనే ఉంది. మీరు ఈ శుక్రవారమే మీ డ్రమ్ము ఒంపి, కొబ్బరిపీచుతో లోపలి గోడ గట్టిగా రుద్ది, ఎండలో బోర్లించండి. తిరిగి నింపాక సందు లేకుండా మూత పెట్టండి. తాగేనీళ్ల బిందెలో చెయ్యి ముంచకుండా, కాడ ఉన్న గరిటెతో తీసుకోండి. కూలర్ అడుగున, ఫ్రిజ్ వెనకున్న చిన్న తొట్టిలో, మిద్దె మీద పడేసిన పాత టైరులో నీళ్లున్నాయేమో ఒకసారి చూడండి.