మా రోజుల్లో మంచం పక్కన కూర్చునేవాళ్లం

ఏమయ్యా కుర్ర డాక్టరు బాబూ, చీటీ మీద ఇన్‌హేలర్ పేరు గిలికి, "రెండు పూటలా రెండేసి సార్లు" అనేసి తర్వాతి మనిషిని పిలిచావే, ఆ పెద్దాయన దాన్ని ఎలా పీలుస్తాడో చూశావా? మందుల షాపులో చూపిస్తారులే అని నువ్వు. డాక్టరుగారు చూపించే ఉంటారులే అని ఆ షాపు కుర్రాడు. ఆయనేమో ఇంటికెళ్లి సగం నాలుక మీదా సగం గాల్లోకీ కొట్టుకుని, ఈ మందు మన ఒంటికి పడలేదని గూట్లో పడేస్తాడు.

మా రోజుల్లో ఈ ధోరణి ఎక్కడిది? నేను కాంపౌండరుగా చేరేనాటికి ఉబ్బసానికి ఎఫిడ్రిన్ బిళ్లలు, అడ్రినలిన్ సూది, ఎమినోఫిల్లిన్. ఆ ఎమినోఫిల్లిన్ నరానికి గబగబా ఎక్కిస్తే గుండె గతి తప్పుతుంది. అందుకని కొంచెం కొంచెంగా తోస్తూ, మధ్యమధ్య ఆగి నాడి చూస్తూ, మంచం పక్కన కూర్చోవాల్సిందే. ఆ కాసేపట్లో డొక్క ఎలా ఎగరేస్తున్నాడో కనబడేది. ఇంట్లో ఊక పొయ్యా, పిడకల పొయ్యా, నూర్పిళ్ల దుమ్ములో నిలబడ్డాడా, అన్నీ తెలిసేవి. మా ఊళ్లో ఒకావిడకి పొయ్యి పెరట్లోకి మార్పించింది ఆ కబుర్లే. మందు మొరటుదే, చేతులు వణికేవి, నిద్ర పట్టేది కాదు. కానీ ఒంట్లోకి వెళ్లిందా లేదా అన్న అనుమానం ఉండేది కాదు.

ఇప్పటి మందులు మంచివి, కాదనను. 1956లో అమెరికాలో రైకర్ వాళ్లు మొదటి నొక్కుడు పంపు తెచ్చారు, 1969లో సాల్బుటమాల్ పంపు వచ్చింది. ప్రాణాలు నిలబెట్టాయి. అయితే సూది మా చేతిలో ఉండేది, పంపు రోగి చేతికి పోయింది. 1975 నుంచి 2014 దాకా వచ్చిన పరిశీలనలన్నీ కలిపి 2016లో చెస్ట్ పత్రికలో లెక్క వేస్తే, తప్పు లేకుండా పీల్చేవాళ్లు నూటికి 31 మంది. అన్నేళ్లలో మెరుగుపడిందీ లేదు. ఇన్ని ఫోన్లూ, ఇన్ని వీడియోలూ ఉండి ఏం లాభం?

తప్పులు పెద్దవేం కావు. పంపుని ఊపరు. ముందు ఊపిరి పూర్తిగా వదలరు. పీల్చడం మొదలవుతుండగా నొక్కాల్సింది నొక్కేశాక పీలుస్తారు. పది సెకన్లు బిగబట్టమంటే వెంటనే వదిలేస్తారు. పొడి మందు పీల్చే రోటాహేలర్‌దైతే ఇంకో కథ: పొడి క్యాప్సూల్‌ని నీళ్లతో మింగేసిన అవ్వల్ని చూశాను. పైగా పంపుని నిదానంగా పీల్చాలి, రోటాహేలర్‌ని ఒక్క ఊపున గట్టిగా లాగాలి. ఒకటి మాని రెండోది రాసేటప్పుడు ఆ ముక్క చెప్పే తీరిక మీకెవరికీ ఉండదు. స్టెరాయిడ్ ఉన్న మందు పీల్చాక నోరు పుక్కిలించమనీ చెప్పరు, తర్వాత నోట్లో తెల్ల పూత వచ్చిందంటే ఇంకో మందు రాస్తారు.

మృగశిర కార్తెకి హైదరాబాదులో ఉబ్బసానికి చేపమందు వేస్తారు చూడు, దాని మీద నాకు నమ్మకం లేదు. కానీ వేసేవాళ్లు కొర్రమీను పిల్ల గొంతు దిగేదాకా మనిషిని ఎదురుగా నిలబెట్టి చూస్తారు. చదువుకున్న మీరు ఆమాత్రం చూడలేరా?

"పీల్చడం వచ్చా?" అని అడక్కు. వచ్చనే అంటారు, నలుగురిలో రాదనడం నామోషీ. వాళ్ల పంపు వాళ్ల చేతికే ఇచ్చి చెయ్యమను. నోరు మూసుకుని చివరిదాకా చూడు. చెయ్యీ ఊపిరీ కుదరకపోతే పంపుకి స్పేసర్ గొట్టం తగిలించు. వచ్చిన ప్రతిసారీ మళ్లీ చేయించు, నెల తిరక్కుండా మర్చిపోతారు.

అసలు చూపించాల్సిన వాళ్లలోనే చాలామందికి రాదు. ఏదీ, నువ్వు చెయ్యి. ఇదిగో ఖాళీ పంపు. ఆగాగు, ఊపిరి వదలకుండానే నోట్లో పెట్టేసుకున్నావు. మళ్లీ మొదలెట్టు.