ధర్మవరం దాటితే సరిహద్దే

రైల్వే, సైన్యం చేతులు కలిపాయి. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ కొలువుల్లో ఐదు వేలకు పైగా మాజీ సైనికులను కాంట్రాక్టు మీద పెట్టుకుంటారట. రెగ్యులర్ నియామకాలు అయ్యేదాకా తాత్కాలిక ఏర్పాటేనట. జవాన్లకు క్రమశిక్షణ ఎక్కువ కనుక రైళ్లు భద్రంగా నడుస్తాయని ఏలినవారి లెక్క.

హిందూపురం ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఈ వార్త చదివితే ఏలినవారి దూరదృష్టి ఇట్టే అర్థమవుతుంది. ధర్మవరం జంక్షను గుంతకల్లు డివిజన్‌ది. అది దాటి ఇటొస్తే పెనుకొండ, హిందూపురం బెంగళూరు డివిజన్‌వి. డివిజన్లే కాదు, జోన్లూ వేరే. దీన్ని సరిహద్దు అనక ఏమంటారు? సరిహద్దు అన్నాక జవాను ఉండొద్దా? కశ్మీరులో మంచు తిని వచ్చిన హవల్దారుకు సొంత జిల్లాలోనే సరిహద్దు దొరికింది. మంచు బదులు అనంతపురం సీమ ఎండ, అంతే తేడా.

ఇక యుద్ధానికి కొదవేముంది? మక్కాజిపల్లి దగ్గర పట్టాలెక్కే మేకల మంద చొరబాటుదారుల దళం. పొద్దున్నే బెంగళూరు పనులకు పోయే జనం బ్రిడ్జి ఎక్కకుండా పట్టాలు దాటితే కాల్పుల విరమణ ఉల్లంఘన. పెనుకొండలో కియా కార్లు నింపుకుని గూడ్సు కదిలిందా, ట్యాంకులు బయల్దేరినట్టే. గేటు వేశాక గేట్‌మన్ స్టేషన్ మాస్టరుకు ఫోన్లో చెప్పే ప్రైవేట్ నంబరు ఉంది చూశారూ, అది సాక్షాత్తూ మిలిటరీ రహస్య సంకేతం. తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు ఈ పెనుకొండకే వచ్చి రాజధాని పెట్టుకున్నారు. కోట కాపలాకు గడువు కాంట్రాక్టు ఇవ్వొచ్చన్న సంగతి పాపం వాళ్లకు తోచలేదు.

ఈ సరిహద్దులో ఒకటే చిక్కు. జవాను గడువు తీరే రాత్రి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

"హవల్దారు గారూ, బండి వచ్చేస్తోంది, జెండా పట్టుకోండి!"

"నా కాంట్రాక్టు పన్నెండింటికి అయిపోయింది సార్. పొడిగింపు ఆర్డరు వచ్చిందా?"

"సంతకానికి పోయింది."

"అయితే శత్రువును అంతదాకా ఆగమనండి."

ఎర్ర జెండా కాదు, పచ్చ జెండా కాదు. ఫైలు అట్ట ఏ రంగో ఆ రంగు జెండా.

పెనుకొండ వాళ్లను మాత్రం దీనికి నవ్వమని అడగలేం. 2012 మే 22న తెల్లవారకముందే ఆ స్టేషన్లో ఆగి ఉన్న గూడ్సును హంపి ఎక్స్‌ప్రెస్ గుద్దింది. పాతిక మంది దాకా పోయారు. 2015 ఆగస్టులో మడకశిర గేటు దగ్గర గ్రానైట్ లారీ నాందేడ్ ఎక్స్‌ప్రెస్‌లోకి దూసుకొచ్చింది. కర్ణాటక ఎమ్మెల్యే ఒకరు, మరికొందరు ప్రయాణికులు చనిపోయారు. ఈ లైనులో రైల్వే భద్రత అంటే మాకు శవాలు గుర్తొస్తాయి. సిగ్నల్ వ్యవస్థ మొరాయించినప్పుడు పాయింటుకు క్లాంపు బిగించి, తాళం వేసి, బండి ఏ పట్టా మీదికి పోవాలో ఖాయం చేసేది పాయింట్స్‌మనే. వచ్చే ఏడు తన పని ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషి చేతిలోనా ఆ తాళంచెవి పెట్టేది?

జవాను పదవీ విరమణకు ముందు కొత్త పని నేర్చుకోవడానికి రక్షణ శాఖ పునరావాస విభాగం కోర్సు ఫీజు మొత్తం కడుతుంది. రైల్వే లెవెల్-1 ఉద్యోగాల్లో మాజీ సైనికులకు 20 శాతం, ఆ పైవాటిలో 10 శాతం కోటా ఉంది. శిక్షణకు డబ్బుంది, కోటా ఉంది, ఖాళీ ఉంది, మనిషి ఉన్నాడు. రెగ్యులర్ ఆర్డరు ఒక్కటే లేదు. ఏలినవారూ, నియామకాలు ఆలస్యం చేసింది ఎవరు? మీరే. ఆ ఆలస్యాన్ని సాకుగా చూపి చవగ్గా మనుషుల్ని తెచ్చుకుంటున్నది ఎవరు? మీరే. 2022 జూన్‌లో సైన్యంలో నాలుగేళ్ల కొలువు తెచ్చిన అగ్నిపథ్ మీద మండిపడి కుర్రాళ్లు సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్లు తగలబెట్టారు, పోలీసు కాల్పుల్లో ఒకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. తగలబెట్టడం తప్పే. వాళ్లు అడిగింది మాత్రం నాలుగేళ్లకు తీరిపోని ఉద్యోగం. అది సైన్యంలో తీసేశారు, ఇప్పుడు పట్టాల దగ్గరా తీసేస్తున్నారు.

జవాను క్రమశిక్షణ మీద అంత నమ్మకముంటే పూర్తి శిక్షణ ఇవ్వండి, కోటా పోస్టులు పర్మనెంటుగా నింపండి. పింఛను వస్తోంది కదా, తక్కువకు చేస్తాడులే అన్నదే మీ లెక్కయితే, దానికి దేశభక్తి పేరు పెట్టకండి.