మా కంప్యూటర్ క్యాబినెట్‌లో కాపురం పెట్టిన దుమ్ముకు

దుమ్మూ,

నీ చిరునామా నాకు తెలుసు. పుప్పాలగూడలో మా బాల్కనీకి ఎదురుగా బండ పగలగొట్టి సెల్లార్ తవ్వుతున్నారు. పొద్దున బ్రేకర్ మొదలైతే చీకటి పడేదాకా నీ రాకపోకలే. నీ పుట్టుక కూడా తెలుసు. ఖాజాగూడ, రాయదుర్గం గుట్టల గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచిననాటికి మాదాపూర్ చుట్టూ నువ్వింకా బండవే, ఎవరి జోలికీ రాలేదు. టవరు వెనక టవరు లేచేకొద్దీ పిండిపిండిగా రాలి, దోమల మెష్ దాటి, మా ఇంట్లో ఓ మూల చూసుకున్నావు. ఆ మూలనే నా కంప్యూటర్ ఉంది. నా జీతం అందులోంచే వస్తుంది.

టీవీ మీద, సోఫా మీద పరుచుకుంటే నీతో నాకు తగువు లేదు. తడిగుడ్డతో తుడిస్తే పోతావు. ప్రాసెసర్ మీది హీట్‌సింక్‌లో నువ్వు చేసిన పని అలాంటిది కాదు. ఆ అల్యూమినియం రెక్కల మధ్య సందు రెండు మిల్లీమీటర్లో, ఇంకా తక్కువో. గాలి ఆ సందుల్లోంచి పోతేనే వేడి దిగుతుంది. నువ్వు ఫ్యాన్ కింద, రెక్కల నెత్తిన, బొంత కుట్టినట్టు పేరుకున్నావు. పైన ఫ్యాన్ గిర్రున తిరుగుతూనే ఉంది. గాలి మాత్రం కిందికి దిగడం లేదు.

ఒక ఏప్రిల్ మధ్యాహ్నం ఆన్‌లైన్ మీటింగ్‌లో నా మాట ముక్కలుముక్కలుగా వినిపిస్తోందన్నారు. నెట్ అనుకున్నాను. చూస్తే ప్రాసెసర్ 98 డిగ్రీల దగ్గర ఉంది. అంత వేడెక్కితే తాను కాలిపోకుండా అది తన వేగం తానే తగ్గించుకుంటుంది. తప్పు దానిది కాదు. రిపేరు షాపులో ప్రాసెసరే మార్చాలన్నారు. నమ్మి డబ్బు ఖర్చు పెట్టలేక, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి పెద్ద కూలర్ కొనుక్కొచ్చి బిగించాను. రెండు నెలలు హాయిగా నడిచింది. మూడో నెలకల్లా నువ్వు దాన్నీ నింపేశావు.

అప్పటికి గానీ నాకు అసలు సంగతి తట్టలేదు. ఎంత మంచి ఫ్యాన్ పెట్టినా గదిలో గాలికన్నా చల్లగా ప్రాసెసర్‌ను ఉంచలేదు. మే నెలలో మా గది 36, 37 డిగ్రీలు. ఆ గాలి క్యాబినెట్‌లోకి చేరేసరికి గ్రాఫిక్స్ కార్డు వేడి, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ వేడి కలుపుకొని ఇంకా కాగుతుంది. 2003లో ఇంటెల్ క్యాబినెట్ తయారీదారులకు ఇచ్చిన సూచనల్లో ఒక లెక్క ఉంది: బయట గది 35 డిగ్రీలున్నా ప్రాసెసర్ ఫ్యాన్‌కు అందే గాలి 38 దాటకూడదు. అందుకోసం పక్క రేకుకు రంధ్రం పెట్టి, అక్కణ్ణుంచి ప్రాసెసర్ దాకా ఓ గొట్టం వేయమన్నారు. బయటి గాలి దారిలో వేడెక్కకుండా నేరుగా చేరడానికి అది చాలు. నా క్యాబినెట్‌కు ముందంతా మెరిసే అద్దం, గాలి పోవడానికి అంచున సన్నని చీలిక. చూపులకు అందంగానే ఉంటుంది. మన ఊరి ఎండకు మాత్రం అది తగిన పెట్టె కాదు.

సైడ్ ప్యానెల్ తీసి పక్కన పెడితే పది నిమిషాల్లో 12 డిగ్రీలు తగ్గింది. సంబరపడ్డాను. వారం తిరిగేసరికి మదర్‌బోర్డు మీద నీ పొర కనిపించింది. తలుపు మూస్తే వేడి, తెరిస్తే నువ్వు. నిన్ను రాకుండా ఆపలేనని, నువ్వు ఏ దారిన రావాలో, ఎక్కడ ఆగాలో మాత్రం నేనే చెప్పగలనని ఆ రోజు అర్థమైంది.

ఒక ఆదివారం లోపలి సామానంతా విప్పి మంచం మీద పరిచాను. కోసేటప్పుడు రాలే ఇనుప రజను మదర్‌బోర్డు మీద పడితే షార్టవుతుంది, అందుకే ముందు అంతా ఖాళీ చేయాలి. ప్రాసెసర్‌కు సరిగ్గా ఎదురుగా రేకు మీద గుండ్రంగా గీసి, మణికొండలో గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులో కోయించాను. పదును చేతికి తగలకుండా అంచుకు రబ్బరు బీడింగ్ తొడిగాను. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌ను గాలి లోపలికి తోసేలా బిగించి, దాన్నుంచి కూలర్ దాకా దళసరి అట్టతో గొట్టం చేశాను.

నీకోసం చేసిన పని వేరే ఉంది. పాత స్ప్లిట్ ఏసీలో వచ్చే జాలీ ఫిల్టర్ ఏసీ మెకానిక్‌ను అడిగితే ఊరికే ఇచ్చాడు. దాన్ని చదరంగా కత్తిరించి, పాడైన ఫ్రిజ్ తలుపు గాస్కెట్‌లోంచి లాగిన అయస్కాంతపు పట్టీ చుట్టూ అతికించాను. ఇనుప రేకుకు ఠక్కున పట్టుకుంటుంది, లాగితే వచ్చేస్తుంది. ముందువైపు ఇంకో ఫ్యాన్, దానికీ జాలీ. గాలి లోపలికి తెచ్చేవి రెండు, బయటికి పంపేది ఒకటి. లోపలికొచ్చే గాలి ఎక్కువైతే క్యాబినెట్ అతుకుల్లోంచి గాలి బయటికే తోసుకొస్తుంది, లోపలికి పీల్చుకోదు. నువ్వు ఇన్నాళ్లూ దూరిన దొంగదారులన్నీ దాంతో మూతపడ్డాయి. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఇదే. పైసా ఖర్చు లేదు, ఫ్యాన్ల లెక్క సరిచూసుకుంటే చాలు.

ఇప్పుడు గది 36 ఉన్న మధ్యాహ్నం కూడా, పని బరువుగా ఉన్నప్పుడు, ప్రాసెసర్ 78 దగ్గర ఆగుతోంది. మీటింగ్‌లో నా మాట తెగడం లేదు. జాలీ పూర్తిగా నిండితే గాలి తగ్గి వేడి మళ్లీ ఎక్కుతుంది కాబట్టి, ప్రతి ఆదివారం విప్పి కుళాయి కింద కడుగుతాను. ఎర్రగా, బూడిదగా నువ్వు జారిపోతుంటే నిలబడి చూస్తాను. ఆ నీళ్లు కరివేపాకు కుండీలో పోస్తాను. రాతివి, మట్టిలోనే ఉండు. రెణ్నెల్లకోసారి బ్లోయర్‌తో లోపల ఊదుతాను. అప్పుడు ఫ్యాన్ రెక్క కదలకుండా వేలితో పట్టుకుంటాను, లేకపోతే గాలికి ఫ్యాన్ విపరీతంగా తిరిగి బేరింగ్ పోవచ్చు, వైరులోకి ఎదురు కరెంటూ రావచ్చు.

లారీల మీద పట్టా కప్పాల్సినవాళ్లు, తవ్వేచోట నీళ్లు చల్లాల్సినవాళ్లు వేరే ఉన్నారు. నువ్వు నా కంప్యూటర్‌లోకే కాదు, వాళ్ల కూలీల ఊపిరితిత్తుల్లోకి కూడా పోతున్నావు. అక్కడ నేను బిగించగల జాలీ లేదు. దాని గురించి వాళ్లకే విడిగా ఉత్తరం రాస్తున్నాను.

మూడో అంతస్తులో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి వాళ్ల అన్నయ్య పాత డెస్క్‌టాప్ మీద ప్రోగ్రామ్‌లు రాస్తుంది. మధ్యాహ్నం పూట అది దానంతటదే ఆగిపోతోందని నిన్న మెట్ల మీద చెప్పింది. విప్పి చూడకుండానే నువ్వందులో ఉన్నావని తెలిసింది. వచ్చే ఆదివారం పొద్దున్నే ఆ డెస్క్‌టాప్ రేకు కోయించడానికి మణికొండ పోతున్నాం. ఏసీ మెకానిక్ ఇంకో జాలీ తీసి పెడతానన్నాడు.