అద్దానికి ముసలితనం లేదట

మా మేళం బండి పోయిందని ఇన్సూరెన్సు కంపెనీ నుంచి కాగితం వచ్చింది. పోయిందని తెలుగులో రాసి ఉంటే నేనూ ఒక కన్నీటి చుక్క రాల్చేవాణ్ణి. 'కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్' అని రాశారు. మనవణ్ణి పిలిచి అర్థమేమిట్రా అంటే, "బాగుచేయించొచ్చు తాతయ్యా, కానీ చేయించరు" అన్నాడు. ఈ కూచిపూడిలో పుట్టి డెబ్బై ఎనిమిదేళ్ళయింది. బాగుపడే రోగికి పాడె కట్టడం మాత్రం ఇదే చూడటం.

అది ఉత్త వ్యాను కాదు. 2012 మోడల్ టెంపో ట్రావెలర్. సెకండ్ హ్యాండులో కొని, బెజవాడ ఆటోనగర్లో నెల రోజులు పెట్టి, వెనక సీట్లు పీకించి మాకు తగినట్టు కట్టించుకున్నాం. రెండు పక్కలా పడుకోవడానికి టేకు బల్లలు. బల్లల కింద కిరీటాలకు, భుజకీర్తులకు వేరు వేరు అరలు. పొణికి కర్రతో చేసిన నగలు కదా, దూదిలా తేలిక, చెమ్మ తగిలితే పాడు. వెనక తలుపు దగ్గర గ్యాసు పొయ్యి, బియ్యం డబ్బా, ఆవకాయ జాడీ. మధ్యలో నిలువుటద్దం, దాని చుట్టూ బల్బులు. ఆట అర్ధరాత్రి దాటి ముగిస్తే ఏ గుడి ఆవరణలోనో బండి ఆపి, వండుకు తిని, అందులోనే నిద్రపోయేవాళ్ళం. అమెరికాలో ఉన్న మేనల్లుడు వచ్చి చూసి, "మావయ్యా, దీన్ని మా దగ్గర క్యాంపర్‌వ్యాన్ అంటారు, షికార్లకు పోతారు" అన్నాడు. షికారుకు పోయేవాళ్ళ సంగతి నాకు తెలీదు. మేం పొట్టకూటికి పోయేవాళ్ళం.

కిందటేడు సుబ్బారాయుడి షష్ఠికి మోపిదేవిలో ఆట. ముగించుకుని తెల్లవారుజామున తిరిగొస్తున్నాం. కోతల రోజులు. చల్లపల్లి దాటాక వరిగడ్డి ట్రాక్టరు ఒకటి, రోడ్డంతా తనదే, వెనక లైటు లేదు, కనీసం ఎర్ర గుడ్డ పీలిక కూడా లేదు. మా డ్రైవరు పక్కకు కోశాడు. బండి గట్టు దిగి తుమ్మ మొద్దును గుద్దుకుని పంటబోదెలోకి ఒరిగింది. పాపం, అతనికి కాలు విరిగింది. మిగిలినవాళ్ళం గీతలతో బయటపడ్డాం. నా మృదంగం దొర్లుకుంటూ వచ్చి నా డొక్కలోనే పడింది. అరవై ఏళ్ళు దాన్ని కొట్టాను, ఒక్క రోజు అది నన్ను కొట్టింది, సరిపోయింది.

కిటికీ అద్దం పగిలి, సత్యభామ జడ బయటికి వేలాడింది. పాలు పోయడానికి పోతున్నవాడెవరో చూసి "ఆడమనిషి ఇరుక్కుపోయిందిరో" అని కేకేశాడు. పదిమంది పరుగున వచ్చారు. లోపల మూలుగుతున్న మగాళ్ళను ఎవరూ పట్టించుకోలేదు, ముందు జడ పట్టుకున్నారు. జడ చేతికొచ్చేసింది. పట్టుకున్నవాడు అక్కడే కూలబడ్డాడు. భామ వేషం కట్టే కుర్రాడు ఈనాటికీ ఆ సంగతి కాస్త గర్వంగానే చెప్పుకుంటాడు.

నాలుగు రోజులకు సర్వేయరు వచ్చాడు. మంచి కుర్రాడే, మర్యాదస్తుడు. మాస్టారూ, మాస్టారూ అంటూనే బండి చుట్టూ తిరిగి ఫోనుతో ఫోటోలు తీశాడు. చాసిస్ నంబరు తీశాడు, మీటరు తీశాడు. బల్లల మీద చెయ్యేసి "ఇవి పాలసీలో ఉన్నాయా మాస్టారూ?" అన్నాడు. సీట్లు తగ్గించినట్టు ఆర్సీలో రాయించుకున్నాం, అంతవరకు బుద్ధి ఉంది. బల్లలు, అరలు, అద్దం, బల్బులు ఇవన్నీ విడిగా విలువ కట్టించి పాలసీలో ఎక్కించాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. కట్టించడానికి నెల రోజులు పట్టిన ఇల్లు ఆయన కాగితంలో సున్నా.

తర్వాత కోతల పట్టిక చూపించాడు. చూసి తీరాలి దాన్ని. బండికి పదేళ్ళు దాటితే ఇనుప భాగాల ధరలో సగం కోత. రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీ అయితే వయసుతో పని లేదు, నిన్న కొన్నా సగమే. ఫైబరుకు 30 శాతం. రంగు వేయిస్తే రంగు ఖరీదులో సగం. ఒక్క అద్దానికి మాత్రం కోత లేదు, పూర్తి ధర ఇస్తారట. అద్దానికి ముసలితనం లేదన్నమాట. నిలువుటద్దం ముందు కూర్చుని ముఖానికి రంగు పూసుకున్నవాళ్ళం మేం. అద్దం అలాగే ఉంటుంది, అందులో కనపడేవాడే మారతాడు. ఆ ఒక్క విషయంలో వాళ్ళ పట్టిక తప్పు కాదు, ఒప్పుకోక తప్పదు.

షెడ్డువాడి ఎస్టిమేటు 2,70,000. కోతలు పోగా తేలింది 1,62,000. పాలసీలో మా బండి విలువ, అదే ఐడీవీ, 2,00,000. రిపేరు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే టోటల్ లాస్. గీత 1,50,000 దగ్గరుంది. పన్నెండు వేల తేడాతో బండి ప్రాణం పోయింది.

మా రోజుల్లో ఇలాంటి గీతలు లేవు. నేను పదేళ్ళవాణ్ణి, మా నాన్నగారి వెనక మేళంతో తిరిగేవాణ్ణి. రెండు ఎడ్లబండ్లు. ఒకదాంట్లో మనుషులు, ఒకదాంట్లో పెట్టెలు, తెర, హార్మోనియం. కాలవ ఉన్న ఊళ్ళకు పడవ. కృష్ణ దాటి రేపల్లె వైపు పోవాలంటే రేవులో పడిగాపులే. పెనుమూడి-పులిగడ్డ వారధి 2006లో కదా వచ్చింది, అప్పుడెక్కడిది! ఒకసారి ఘంటసాల దాటాక, వానలో, పెట్టెల బండి చక్రం ఆకులు రెండు విరిగాయి. ఊళ్ళోకి కబురు చేస్తే వడ్రంగి లాంతరు పట్టుకుని వచ్చాడు. ఈ బండి ఎన్నేళ్ళదని అడగలేదు. ఇందులో పాత కర్ర ఎంత, కొత్త కర్ర ఎంత అని లెక్క కట్టలేదు. "పొద్దుటికి ఏ ఊరు చేరాలి?" అన్నాడు, అంతే. కమ్మరిని నిద్ర లేపి, పట్టా ఊడదీయించి, ఆకులు దిగ్గొట్టి, మళ్ళీ పట్టా కాల్చి ఎక్కించేసరికి కోడి కూసింది. డబ్బులిస్తే తీసుకోలేదు. తిరుగు ప్రయాణంలో మా ఊళ్ళో భామాకలాపం ఆడి పొండి అన్నాడు. ఆడాం. ఆయన ముందు వరసలో కూర్చున్నాడు, వాళ్ళావిడ నడిజాముకే నిద్రపోయింది. అదీ క్లెయిము సెటిల్‌మెంటు.

అట్లాగని అంతా బంగారమని బొంకను. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో ఎడ్లూ బండ్లూ పడవలూ పోయినవాళ్ళకు ఏ పాలసీ లేదు, ఏ సర్వేయరూ రాలేదు. ఆ వడ్రంగి చేతికి కూడా అందనివి ఉంటాయి.

1984లో మటడోర్ వ్యాను కొన్నాం. జనరల్ ఇన్సూరెన్సు 1973లో జాతీయమైపోయింది కదా, మొత్తం నాలుగు సర్కారు కంపెనీలే. ఏజెంటు మా అరుగు మీద కూర్చుని, కాఫీ తాగి, పిల్లల చదువులడిగి, అప్పుడు సంతకం పెట్టించుకునేవాడు. మటడోర్ ఒకసారి మైలురాయిని గుద్దితే ఆయనే స్కూటరు మీద వచ్చాడు. ఇప్పుడు ఎవరు వస్తారు? ఫోను చేస్తే తెలుగుకు రెండు నొక్కమంటుంది, నొక్కితే హిందీలో మాట్లాడుతుంది. (మటడోర్ డబ్బులు చేతికి రావడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ సంగతి మావాళ్ళు గుర్తు చేస్తారని నేనే ముందు చెప్పేస్తున్నాను.)

ఇక అసలు గుట్టు. ఈ ఐడీవీ పద్ధతి వచ్చింది 2002 జూలై నుంచి. ఐదేళ్ళలోపు బండికి పట్టిక ఉంది: ఆర్నెల్లలోపు 5 శాతం తగ్గింపు, అలా దిగుతూ దిగుతూ ఐదో ఏటికి సగం. ఐదేళ్ళు దాటిన బండికి పట్టిక లేదు. కంపెనీవాళ్ళూ మనమూ మాట్లాడుకుని ఒప్పుకున్నదే విలువ. మరి మా బండికి రెండు లక్షలని ఒప్పుకున్నదెవరు? పాత పాలసీలన్నీ పరుపు కింద నుంచి తీసి చూశాను. ఏటా రెన్యూవల్‌కి ఒకమ్మాయి ఫోను చేసేది. "సర్, ఐడీవీ ఎంత పెట్టమంటారు?" అనేది. "ప్రీమియం తగ్గేట్టు చూడమ్మా" అనేవాణ్ణి. ఆ అమ్మాయి చూసేది. బజారులో మూడు లక్షలకు తక్కువ రాని బండిని, ఏడాదికి కొన్ని వందలు మిగులుతాయని నేనే రెండు లక్షలకు దించాను. మూడు లక్షలే ఉంచి ఉంటే గీత 2,25,000 దగ్గర ఉండేది. 1,62,000 రిపేరు దాని కింద హాయిగా నడిచిపోయేది. బండి ఈ పాటికి రోడ్డు మీద ఉండేది.

అయినా ఆ అమ్మాయి ఒక్క ముక్క చెప్పొచ్చు కదా! మా ఏజెంటయితే చెప్పేవాడు. కాఫీ గ్లాసు కింద పెట్టి మరీ చెప్పేవాడు.

మేనల్లుడు ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు రాయమన్నాడు. హైదరాబాదులో ఆఫీసు ఉంది, ఫీజు లేదు, ప్లీడరు అక్కర్లేదు. ముందు కంపెనీకి ఫిర్యాదు పెట్టి, నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా అక్కడికి పోవచ్చు. మంచి ఏర్పాటే. కానీ ఏమని రాయను? నేను చెప్పిన ధర నాకే కట్టారు మహాప్రభో అనా?

చివరికి రెండు దారులు చూపించారు. బండి వాళ్ళకు అప్పగిస్తే, మన వంతు ఎక్సెస్ పోగా రెండు లక్షలూ ఇస్తారు. తుక్కు మనమే ఉంచుకుంటే దాని విలువ కూడా తీసేస్తారు. ఆ విలువ కట్టింది ఆన్‌లైన్ వేలంలో ఎవడో. బండిని తాకలేదు, వాసన చూడలేదు, ఫోటోలు చూసి 62,000 అన్నాడు. ఇంట్లో అందరూ అప్పగించెయ్యమన్నారు. నేను ఉంచుకున్నాను. బల్లలూ అరలూ అద్దమూ విప్పించి, మిగిలిన డొల్లను ఆటోనగర్ తుక్కు కొట్టుకు తోలితే 41,000 ఇచ్చారు. ఆ ఇరవై ఒక్క వేలూ అద్దానికి పెట్టానని మా కోడలు అంటుంది.

ఆర్సీ రద్దు సంగతి కూడా చెప్పాలి. నడవదని తేలిన బండి గురించి 14 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేయాలని చట్టం. చాదస్తమనుకోకండి. ఇలాంటి తుక్కు బండ్ల చాసిస్ నంబర్లు దొంగ బండ్ల మీద కొట్టేవాళ్ళున్నారు. కాగితం బతికి ఉంటే రేపు ఏ స్టేషను నుంచో మన ఇంటికి కబురొస్తుంది. నేనే వెళ్ళి ఇచ్చి వచ్చాను. గుమాస్తా స్టాంపు గుద్దినప్పుడు మాత్రం, ఎందుకో, చెప్పులు విప్పి నిలబడ్డాను.

ఇప్పుడు ఆటలకు అద్దె బండిలో పోతున్నాం. దాని ఓనరు పొయ్యి పెట్టనివ్వడు. గజ్జెలతో ఎక్కితే సీటు కవర్లు చిరుగుతాయంటాడు. నిలువుటద్దం మా వసారాలో ఉంది. మోపిదేవి గతుకుల్లో కూడా బీటెయ్యలేదు అది.

మీ ఇంట్లో ఐదేళ్ళు దాటిన బండి ఉంటే, ఈసారి ఆ ఫోను వచ్చినప్పుడు ప్రీమియం తగ్గించమనకండి. బజారులో బండి ధర ఎంతుందో కనుక్కుని, అంతా రాయమనండి. బల్లలుంటే బల్లలు కూడా.