సాక్సులు కొంటే శాంతిభంగం

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, బెర్గెన్ కౌంటీ. అక్కడ ఆదివారం పాలు కొనుక్కోవచ్చు, మందులు కొనుక్కోవచ్చు, హోటల్లో కూర్చుని పీకలదాకా తినొచ్చు. సాక్సులు మాత్రం కొనకూడదు. చొక్కా, కుర్చీ, వాషింగ్ మెషిన్, ఇంటి పనికి కావలసిన కలప, అన్నీ నిషిద్ధమే. కూరగాయలూ బట్టలూ ఒకే కప్పు కింద అమ్మే పెద్ద దుకాణాలైతే బట్టల వరసలకు అడ్డంగా తాడు కట్టేస్తాయి. తాడుకి ఇవతల టమాటా పుణ్యాత్మురాలు, అవతల బనీను ముద్దాయి!

ఎందుకయ్యా అంటే విశ్రాంతి కోసమట. ఎవరికి? పెట్రోల్ బంకు కుర్రాడికైతే కాదు. న్యూజెర్సీలో మన కారులో మనం పెట్రోల్ పోసుకోకూడదని 1949 నుంచీ చట్టం. గొట్టం పట్టుకోవడానికి మనిషి ఉండి తీరాలి, ఆదివారమైనా సరే. చొక్కాలమ్మే అమ్మాయిని ఒక చట్టం ఇంటికి పంపిస్తుంది, పెట్రోల్ పోసే అబ్బాయిని ఇంకో చట్టం ఎండలో నిలబెడుతుంది.

పోనీ దేవుడి కోసం అందామా అంటే కోర్టు ఒప్పుకోదు. మేరీలాండ్‌లో ఆదివారం పూట స్టేప్లరు, నేలకు రాసే మైనం డబ్బా, బొమ్మ జలాంతర్గామి లాంటివి అమ్మినందుకు దుకాణం ఉద్యోగులకు జరిమానా వేశారు. కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. పుట్టుక మతంలోనే అయినా ఇప్పుడిది అందరి ఉమ్మడి విశ్రాంతి దినమని 1961లో తీర్పొచ్చింది. ఏడు రోజుల్లో ఆ ఉమ్మడి రోజు ఆదివారమే ఎలా అయిందో మరి! బెర్గెన్‌లోనే టీనెక్ ఊళ్లో నిష్ఠగల యూదులు చాలామంది ఉన్నారు. వాళ్లలో బట్టల వ్యాపారి శనివారం తన దేవుడి కోసం కొట్టు కట్టేస్తాడు, ఆదివారం పక్కవాడి విశ్రాంతి కోసం కట్టేస్తాడు. అద్దె మాత్రం రెండు రోజులకీ కడతాడు.

అసలు సంగతి ట్రాఫిక్. ఇదే కౌంటీలోని పారామస్ ఊళ్లో రూట్ 4, రూట్ 17 కలిసేచోట శనివారం కారు కదలదు. వారానికి ఒక్కరోజైనా ఊపిరాడాలని ఊరివాళ్ల కోరిక. 1993లో కౌంటీ అంతటా ఓటు పెడితే చట్టం ఉండాల్సిందే అన్నారు. ఆ కోరికని నేను తప్పుపట్టను. ట్రాఫిక్ భరించలేక మూశాం అని బోర్డు పెడితే దణ్ణం పెట్టి వెనక్కి తిరుగుతాను. విశ్రాంతి, ధర్మం అంటూ పురాణం విప్పితేనే ఒళ్లు మండుతుంది. 2012లో శాండీ తుపాను జనాన్ని అతలాకుతలం చేస్తే గవర్నరు క్రిస్టీ ఒక్క ఆదివారం చట్టాన్ని పక్కన పెట్టారు. దుప్పటి కొనుక్కోవాలంటే ముందు ఇల్లు మునగాలన్నమాట!

ఇంతలో అదే కౌంటీలో, రాష్ట్ర ప్రభుత్వ స్థలంలో, అమెరికన్ డ్రీమ్ అనే మహా మాల్ లేచింది. మాది ప్రభుత్వ స్థలం, మీ చట్టం మాకు వర్తించదంటూ ఆదివారాలూ బట్టలు అమ్ముతోంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు. పారామస్ ఊరికి కడుపు మండి 2025లో కోర్టుకెక్కింది. ఆ మాల్‌లో కృత్రిమ మంచు కొండ ఒకటుంది. దాని మీద ఆదివారం ఎన్నిసార్లు జారినా ఎవరికీ పేచీ లేదు. జారేవాడికి జాకెట్ అమ్మడం దగ్గరే లాయర్లు దిగుతున్నారు.